భూమిలో వేసిన వైరింగ్‌లో ఫాల్ట్: తవ్వకముందే ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో మొదటి గట్టి వాన పడిన రాత్రి చాలా ఇండిపెండెంట్ ఇళ్ళలో ఒకటే గోల. ఆర్‌సీసీబీ (కరెంట్ మట్టిలోకి లీకైతే సప్లై ఆపేసే స్విచ్) టక్కుమని పడిపోతుంది, ఇల్లంతా చీకటి, పైకి లేపితే మళ్ళీ పడుతుంది. పొద్దున ఎండొచ్చి పదకొండయ్యేసరికి అదే నిలబడుతుంది, సరేలే సర్దుకుందని వదిలేస్తారు, మళ్ళీ వానొస్తే మళ్ళీ అదే కథ. కొన్ని వానలు అట్లా గడిచాక ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఆయన రెండే మాటలు చెప్తాడు. ఒకటి "ఆర్‌సీసీబీ పోయింది సార్, డైరెక్ట్ చేసేద్దాం", అంటే దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేద్దామని. రెండోది "గేటు దాకా మొత్తం తవ్వాలి సార్". మొదటిది ప్రాణం మీదకి తెచ్చే సలహా, రెండోది కొండను తవ్వి ఎలుకను పట్టే పని.

గేటు లైట్లు, గార్డెన్ లైట్లు, సంప్ మోటార్, బోరు, గేటు మోటార్, బయట ప్లగ్ పాయింట్, వీటికి భూమిలోంచి పోయే వైర్లలో లీకేజ్ వచ్చిందంటే ఎక్కువసార్లు అది కేబుల్ నడిమధ్యలో ఉండదు. జాయింట్‌లో ఉంటుంది, బాక్స్‌లో ఉంటుంది, లైట్ ఫిట్టింగ్ లోపల ఉంటుంది, లేదంటే పైపు నేలలోంచి పైకి లేచే ఆ జానెడు చోట ఉంటుంది. అందుకే పార, గునపం పట్టుకునేది చివర్లో, ముందు స్క్రూడ్రైవర్, మీటర్ పని. ఆ వరుస ఎట్లాగో కింద రాస్తున్నా.

ముందు ప్రాణం సంగతి

ఇనుప గేటు ముట్టుకుంటే జివ్వుమంటోంది, తడి నేల మీద నడిస్తే కాలికి చురుక్కుమంటోంది, లైటు స్తంభం దగ్గరికి కుక్క పోవట్లేదు అంటే ఇంక పరీక్షలేమీ పెట్టొద్దు. ఇంట్లోంచే మెయిన్ ఆఫ్ చేసి, పిల్లల్ని అటు పోనీకుండా చూడండి. ఎంసీబీ (కరెంట్ మరీ ఎక్కువైతే పడే స్విచ్) ఉంది కదా అదే పడుతుందిలే అనుకోవద్దు. లెక్క చూడండి, 230 వోల్టుల ఫేజ్ తడి మట్టికి తగిలి ఆ దారిలో మొత్తం 50 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉందనుకుంటే పోయే కరెంట్ 4.6 ఆంప్స్ మాత్రమే, 10 ఆంప్స్ ఎంసీబీకి అది మామూలు లోడ్ కింద లెక్క, రోజంతా అట్లాగే మోస్తుంది. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఒక్కటే. దాన్ని డైరెక్ట్ చేయమన్న మనిషిని మళ్ళీ ఇంటికి పిలవాల్సిన పని లేదు. పాత ఇళ్ళలో అసలు ఆర్‌సీసీబీయే ఉండదు, అక్కడ వాన రోజు ఏమీ ట్రిప్ అవ్వట్లేదంటే అంతా బాగుందని కాదు, చెప్పేవాడు లేడని అర్థం.

మెయిన్ ఆఫ్ చేశాక కూడా ఒక మోసం ఉంది, యూపీఎస్. మన బెంగళూరు ఇళ్ళలో కరెంట్ పోతే గేటు దగ్గర చీకటి కాకూడదని గేటు లైటుని యూపీఎస్ లైన్ మీద వేస్తారు, బెస్కాం (బెంగళూరు కరెంట్ కంపెనీ) సప్లై ఆపినా ఆ లైన్‌లో 230 వోల్టులు అట్లాగే ఉంటాయి. యూపీఎస్ అవుట్‌పుట్ కూడా ఆఫ్ చేయాలి, సోలార్ ఉంటే దాని ఐసోలేటర్ కూడా. తర్వాత మల్టీమీటర్‌ని ముందు పనిచేసే ప్లగ్‌లో పెట్టి చూసి, అప్పుడు మన లైన్‌లో పెట్టి, మళ్ళీ పనిచేసే చోట పెట్టి చూడాలి, మీటరే చచ్చిపోయి సున్నా చూపిస్తే మనం నమ్మేస్తాం కాబట్టి. డీబీ (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) తలుపు మీద "పని జరుగుతోంది, ఆన్ చేయొద్దు" అని కాగితం అంటించండి, ఇంట్లో ఎవరో ఒకరు సీరియల్ టైమైందని లేపేస్తారు.

ఇంకోటి, గేటు బయట ఫుట్‌పాత్ కింద ఉన్న కేబుల్ మీది కాకపోవచ్చు. చాలా ఏరియాల్లో బెస్కాం వాళ్ళు స్తంభాల మీది లైన్లని అండర్‌గ్రౌండ్‌కి మార్చారు. మీటర్ దాకా వచ్చేది వాళ్ళ సర్వీస్ కేబుల్, మీటర్ తర్వాతది మనది. మీటర్ ముందున్న భాగంలో గొడవ అనిపిస్తే 1912కి ఫోన్ చేయాలి, సీల్ జోలికి పోకూడదు.

ఆఫ్ చేయడం, గమనించడం, ఫిట్టింగ్ ఊడదీసి లోపల నీళ్ళున్నాయా చూడటం, ఇంతవరకు చేతి మీద కొంచెం నమ్మకం ఉన్నవాళ్ళు చేసుకోవచ్చు. డీబీ లోపల వైర్లు విప్పడం, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టడం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ పని. పక్కన నిలబడి ఈ వరుసలో చేయించుకోండి, అదే పెద్ద లాభం.

లక్షణం చూసి రకం చెప్పొచ్చు

ఎంసీబీ పడుతోంది, అదీ లేపగానే ఠప్‌మని పడుతోందంటే ఫేజ్, న్యూట్రల్ ఒకదానికొకటి తగిలాయి, షార్ట్. (ఎర్త్ గట్టిగా ఉన్న చోట ఫేజ్ నేరుగా ఎర్త్ వైరుకి తగిలినా ఎంసీబీ పడొచ్చు.) ఎంసీబీ నిలబడి ఆర్‌సీసీబీ మాత్రమే పడుతోందంటే ఎర్త్ లీకేజ్, మట్టి కింద వచ్చే గొడవల్లో ఇదే ఎక్కువ. ఏదీ పడట్లేదు కానీ లైట్ వెలగట్లేదంటే ఎక్కడో తెగింది. లైట్లు మసగ్గా వెలగడం, మోటార్ మూలుగుతూ తిరక్కపోవడం, ఇవి జాయింట్ తుప్పుపట్టి సగం పట్టి సగం వదిలేసిన కేసులు, మోటార్ విషయంలో కెపాసిటర్ కూడా చూడండి, ఊరికే కేబుల్ మీద నింద వేయొద్దు.

వానకి సంబంధం ఉందా లేదా అన్నది రాసి పెట్టుకోండి. వాన మొదలైన కాసేపటికే పడితే నీళ్ళు పైనుంచి దిగుతున్నాయి, అంటే ఫిట్టింగో, గోడ మీది బాక్సో. వాన వెలిశాక గంటల తర్వాత, నేల బాగా నానాక పడితే కింద జాయింటో, నీళ్ళు నిండిన పైపో. వానతో పనిలేకుండా తోటకి నీళ్ళు పట్టినప్పుడల్లా పడుతుంటే మీకు ఫాల్ట్ సగం దొరికినట్టే, ఏ పాదు దగ్గర పైపు పెట్టారో చూస్కోండి. ముందు రోజు ఎవరైనా తవ్వారా అనేది కూడా అడగాలి, కావేరి నీళ్ళ కనెక్షన్ కోసమో, గ్యాస్ పైపు కోసమో, ఇంటర్నెట్ ఫైబర్ వాళ్ళో, కొబ్బరి చెట్టుకి పాదు చేసిన తోటమాలో. గునపం దెబ్బ తగిలిన కేబుల్ ఆరోజే పోవాలని లేదు, పైతొడుగు చీరుకుని నెలల తర్వాత నీళ్ళు తాగి పోతుంది.

డీబీ దగ్గర: న్యూట్రల్ మెలిక

అన్ని ఎంసీబీలు దించి, ఆర్‌సీసీబీ లేపి, ఒక్కో ఎంసీబీ లేపుకుంటూ పోతే ఏది లేపినప్పుడు పడిందో ఆ లైనే దొంగ అని అందరికీ తెలుసు. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది సింగిల్ పోల్ ఎంసీబీ, అది ఫేజ్‌ని మాత్రమే కట్ చేస్తుంది, న్యూట్రల్ అట్లాగే లింక్‌కి (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే బార్) తగిలి ఉంటుంది. గార్డెన్ లైన్‌లో న్యూట్రల్ మట్టికి తగిలిందనుకోండి, గార్డెన్ ఎంసీబీ ఆఫ్‌లో ఉన్నా సరే, ఇంట్లో ఫ్రిజ్ స్టార్ట్ అవ్వగానే, గీజర్ వేయగానే ఆర్‌సీసీబీ పడుతుంది, ఎందుకంటే తిరిగొచ్చే కరెంట్‌లో కొంత న్యూట్రల్‌లో కాకుండా మట్టిలోంచి పోతుంది, ఆర్‌సీసీబీకి పోయిందీ వచ్చిందీ లెక్క తేడా వస్తుంది. పాపం గీజర్‌ని మార్చేస్తారు, ఫ్రిజ్ మెకానిక్‌ని పిలుస్తారు, అసలు దొంగ గేటు కింద హాయిగా ఉంటాడు.

కాబట్టి మెయిన్ ఆఫ్ చేసి బయట లైన్‌కి సంబంధించిన ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌ని కూడా లింక్‌లోంచి విప్పించాలి. న్యూట్రల్ బార్‌లో ఏది దేనిదో తెలియకపోతే ఒక్కోటీ విప్పి పేరు రాసుకుంటూ పోవడమే, విసుగు పని కానీ ఒక్కసారే. రెండూ విప్పాక ఇల్లంతా మామూలుగా ఆన్ చేసి ఒక రాత్రి చూడండి. ఆర్‌సీసీబీ నిలబడిందా, ఫాల్ట్ బయట లైన్‌లోనే. ఇంకా పడుతోందా, తోట జోలికి పోకండి, ఇంట్లో వెతకండి.

ఇంకో సంగతి. 30 మిల్లీ ఆంప్స్ అని రాసున్న ఆర్‌సీసీబీ 15కి పైన ఎక్కడైనా పడొచ్చు, అది దాని స్వభావం, లోపం కాదు. ప్రతి ఎల్ఈడీ డ్రైవర్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్ కొంచెం కొంచెం లీక్ చేస్తూనే ఉంటాయి. అన్నీ ఒకే ఆర్‌సీసీబీ మీద ఉంటే కూడికలో అంచు దాకా వచ్చి ఆగుంటుంది, పైన గార్డెన్ లైన్ చిన్న తడి చాలు.

ఫిట్టింగులు ఊడదీసి చూడటం

లైన్ ఏదో తేలాక ఆ లైన్ మీదున్న ప్రతి వస్తువునీ విప్పండి, గేటు పిల్లర్ లైటు, బొల్లార్డ్ లైట్లు (పొట్టి స్తంభం లైట్లు), స్పైక్ లైట్లు (మట్టిలో గుచ్చేవి), మోటార్, కాలింగ్ బెల్ అడాప్టర్, మర్చిపోయిన క్రిస్మస్ లైటింగ్ ప్లగ్, అన్నీ. చాలామందికి కథ ఇక్కడే అయిపోతుంది. గేటు పిల్లర్ మీది గాజు లైటు విప్పితే లోపల నీళ్ళు, చీమల పుట్ట, పచ్చగా తుప్పుపట్టిన రాగి తీగ. గార్డెన్ స్పైక్ లైటుకి కంపెనీ ఇచ్చిన మూరెడు వైరుని మన లైన్‌కి మెలిపెట్టి టేపు చుట్టి మట్టిలో పూడ్చేసి ఉంటారు, అదే అసలు ఫాల్ట్. నల్ల ఇన్సులేషన్ టేపు నీళ్ళని ఆపదు, లోపలికొచ్చిన నీళ్ళని బయటికి పోనీకుండా పట్టుకుంటుంది, అంతే.

బాక్సులు కూడా విప్పి చూడండి. పైపు లోపలికి నీళ్ళు రాకుండా చుట్టూ సీల్ చేశామంటారు, కానీ పగలు వేడి, రాత్రి చలికి పైపు లోపలి గాల్లోని తడే నీరై కిందికి చేరుతుంది. భూమిలోని పైపులో ఎప్పటికైనా నీళ్ళుంటాయి అనుకునే వైరు ఎంచుకోవాలి. గోడల్లో వేసే మామూలు సింగిల్ కోర్ వైరు ఏళ్ళ తరబడి నీళ్ళలో నానడానికి చేసింది కాదు.

మెగ్గర్ మాట వినండి

అన్నీ విప్పాక ఒట్టి వైర్లు మిగిలాయి. ఇప్పుడు మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే ఏమీ చూపించకపోవచ్చు, దాని లోపలి బ్యాటరీ ఒత్తిడి ఎంత, తడి జాయింట్ దానికి లొంగదు. 500 వోల్టుల డీసీ ఇచ్చే ఇన్సులేషన్ టెస్టర్, అందరూ మెగ్గర్ అంటారు, అదే కావాలి. మీ ఎలక్ట్రీషియన్ దగ్గర అది లేకపోతే ఈ పనికి వేరే మనిషిని చూస్కోండి.

టెస్ట్ మూడు జతల మధ్య చేయాలి: ఫేజ్ - ఎర్త్, న్యూట్రల్ - ఎర్త్, ఫేజ్ - న్యూట్రల్. ఈ వోల్టేజ్ లైన్లలో కనీసం 1 మెగా ఓమ్ ఉండాలన్నది లెక్క, కానీ బాగున్న కేబుల్ వందల్లో చూపిస్తుంది, కాబట్టి 2, 3 వచ్చిందంటే పాసైందని సంబరపడొద్దు, వచ్చే వానకి అది కిందికి దిగుతుంది. 230 వోల్టులకి 15 మిల్లీ ఆంప్స్ పోవాలంటే రెసిస్టెన్స్ సుమారు 15 కిలో ఓమ్‌లకి పడిపోవాలి, అంటే ఆర్‌సీసీబీ పడే స్థాయికి చాలా ముందే మెగ్గర్ మనకి జబ్బు చూపిస్తుంది.

జాగ్రత్తలు రెండు మూడు. ఫేజ్, న్యూట్రల్ మధ్య 500 వోల్టులు పెట్టేటప్పుడు ఎక్కడో ఒక ఎల్ఈడీ డ్రైవర్ మర్చిపోతే అది కాలిపోవచ్చు. విప్పడం కుదరని లైటు ఉంటే ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి ఒకటిగా పట్టుకుని ఎర్త్‌కి మధ్య మాత్రమే చూడాలి, అదీ 250 వోల్టుల రేంజ్‌లో, లోపల సర్జ్ ప్రొటెక్షన్ ఉంటే 500కి అదే దొంగ రీడింగ్ ఇస్తుంది. టెస్ట్ అయ్యాక కేబుల్‌లో చార్జ్ మిగులుతుంది, డిశ్చార్జ్ అయ్యాకే చెయ్యి పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ టెస్ట్ నేల తడిగా ఉన్నప్పుడు, వాన వెలిసిన పొద్దున చేయించాలి. ఎండిపోయాక పిలిస్తే రీడింగ్ బంగారంలా వస్తుంది, ఆయన ఫీజు తీస్కుని పోతాడు.

సగానికి సగం

రీడింగ్ చెడ్డగా వచ్చింది, లైన్ డీబీ నుంచి సిటౌట్ బాక్స్, అక్కడ్నుంచి తోట మధ్య బొల్లార్డ్, అక్కడ్నుంచి గేటు పిల్లర్ దాకా పోతోంది అనుకుందాం. ఒక చివర నుంచి వరసగా వెతక్కండి, మధ్యలో ఉన్న బాక్స్‌లో వైర్లన్నీ విడదీసి, అటు సగం ఇటు సగం వేర్వేరుగా మెగ్గర్ పెట్టండి. చెడ్డ సగాన్ని మళ్ళీ మధ్యలో విడదీయండి. పది బాక్సులున్నా మూడు నాలుగు కొలతల్లో రెండు బాక్సుల మధ్య ముక్కకి వచ్చేస్తారు. రెండు సగాలూ బాగున్నాయి కానీ కలిపితే చెడ్డది అంటే ఆ బాక్స్‌లోని కనెక్టరే తడి తాగింది.

మీరు చూసిన బాక్సుల మధ్య మట్టిలో పూడ్చిన జాయింట్ ఉందేమో అని కట్టినప్పటి మేస్త్రీని, పాత ఎలక్ట్రీషియన్‌ని అడగండి. ఇల్లు కట్టాక గేటు జరిపారా, సంప్ మూత పెంచారా, టైల్స్ వేశారా, అట్లాంటి చోట కేబుల్ చాలక అతుకేసి ఉంటారు.

తెగిన వైరు సంగతి వేరే. లైటు హోల్డర్ రెండు పిన్నుల్లోనూ లైన్ టెస్టర్ వెలిగితే న్యూట్రల్ తెగిందని అనుమానించాలి, అదే లైన్ మీది ఇంకో బల్బు గుండా వచ్చిన ఫేజే రెండో వైపు కనపడుతోంది. డిజిటల్ మీటర్ 60, 90 వోల్టులు చూపించిందా, అది పక్క వైరు నుంచి ఊరికే అంటుకున్న దొంగ వోల్టేజ్ అయ్యుండొచ్చు, మామూలు 60 వాట్ల గుండు బల్బు లోడ్ పెడితే నిజం తేలుతుంది.

ముక్క తేలింది, ఇప్పుడేంటి

పైపులో వేసిన వైరైతే తవ్వే పనే లేదు. పాత వైరుకే కొత్తది కట్టి లాగండి, కదిలితే సంతోషం, కదలకపోతే పైపు ఎక్కడో నలిగింది, లేదా వేరు దూరింది. నేరుగా మట్టిలో వేసిన ఆర్మర్డ్ (ఇనుప తొడుగున్న) కేబుల్ అయితే, ముక్క పది పదిహేను మీటర్ల లోపుంటే నా మాట విని ఫాల్ట్ పాయింట్ వెతక్కండి, కొత్త కేబుల్ వేయండి. అంతకన్నా పొడుగైతే, లేదా పైన కాంక్రీట్ ఉంటే, ట్రేసర్, ఎర్త్ ఫాల్ట్ లొకేటర్ ఉన్నవాళ్ళని పిలవడం గిట్టుబాటు, వాళ్ళు కేబుల్‌లోకి సిగ్నల్ పంపి అది మట్టిలోకి ఎక్కడ దిగిపోతోందో నేల మీద ఫోర్క్ లాంటిది గుచ్చి చూస్తారు. మల్టీమీటర్‌తో ఓమ్స్ కొలిచి దూరం లెక్క కడతా అనేవాళ్ళని నమ్మొద్దు. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి కిలోమీటరుకి 7.4 ఓమ్స్, పది మీటర్ల దూరంలో షార్ట్ ఉంటే రానుపోను 0.15 ఓమ్ కూడా లేదు, మీటర్ వైర్ల రెసిస్టెన్సే అంతకన్నా ఎక్కువ.

తవ్వేటప్పుడు కరెంట్ అంతా ఆఫ్‌లో ఉండాలి. గునపం కేబుల్ మీద నిటారుగా దింపకండి, పక్కనుంచి తవ్వుకొచ్చి చివరి జానెడు చేత్తో, తాపీతో తీయండి. గ్యాస్ పైపు వచ్చిన వీధైతే అది ఎటు పోయిందో ముందు కనుక్కోండి.

అతుకు, మళ్ళీ పూడ్చడం

నా అభిప్రాయంలో మట్టి కింద అతుకే వద్దు. తెగిన చోట రెండు చివరలూ పైకి లేపి, గోడ మీదో చిన్న దిమ్మ మీదో అడుగు అడుగున్నర ఎత్తులో ఐపీ65 (దుమ్ము, నీటి చిమ్ములు దూరని) బాక్స్ పెట్టి అందులో కలపండి, కేబుల్ కింది వైపు నుంచి ఇత్తడి గ్లాండ్ (కేబుల్‌ని బిగించి పట్టే తొడుగు) గుండా రావాలి. ఈ గ్లాండులు, బాక్సులు బీవీకే అయ్యంగార్ రోడ్డులోనో ఎస్‌పీ రోడ్డులోనో రకరకాలు దొరుకుతాయి. తప్పక కిందే అతకాలంటే రెజిన్ పోసే జాయింట్ కిట్, లేదా లోపల జిగురున్న హీట్ ష్రింక్ కిట్. కోర్లని (లోపలి తీగలని) ఫెర్రూల్ అనే లోహపు గొట్టంలో పెట్టి క్రింప్ చేసి (నొక్కి బిగించి), అతుకులన్నీ ఒకేచోట రాకుండా ముందూ వెనకా చేయాలి. అల్యూమినియం, రాగి కలిసేచోట బైమెటల్ ఫెర్రూల్ వాడాలి, ఊరికే మెలిపెడితే అక్కడే తుప్పు. ఆర్మర్ కూడా ఇటు నుంచి అటు కలిపి ఎర్త్ చేయాలి, చాలామంది ఆర్మర్‌ని కోసి వదిలేస్తారు, అప్పుడు అవతలి ముక్క ఇనుము ఎర్త్ లేకుండా ఉండిపోతుంది.

కొత్త కేబుల్ వేస్తే ఎక్స్‌ఎల్‌పీఈ ఆర్మర్డ్ వేయండి, పందికొక్కులకీ గునపానికీ ఆ ఇనుప తొడుగు కొంతైనా అడ్డం. లోతు ఐఎస్ 1255 ప్రకారం లో టెన్షన్ (మన ఇళ్ళ వోల్టేజ్) కేబుళ్ళకి 75 సెంటీమీటర్లు. ఇళ్ళలో అడుగు లోతులో పడేసి వెళ్ళిపోతారు, దగ్గరుండి చూస్కోండి. కింద ఇసుక, పైన ఇసుక, దాని మీద ఇటుకలు, ఆ పైన ఎర్ర వార్నింగ్ టేపు. కారు పోయే చోట గట్టి పైపులోంచి పంపాలి. మలుపుల్లో మరీ మడవొద్దు, కేబుల్ లావుకి 12 రెట్ల వ్యాసార్ధం ఉండాలి.

మట్టి వేయకముందు మెగ్గర్ మళ్ళీ పెట్టించండి, పూడ్చాక ఇంకోసారి. బయట లైన్‌కి విడిగా 30 మిల్లీ ఆంప్స్ డబుల్ పోల్ ఆర్‌సీబీఓ (ఫేజ్, న్యూట్రల్ రెండూ కట్ చేసే, ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ కలిసిన స్విచ్) పెట్టిస్తే, వాన రాత్రి తోట ఒక్కటే ఆగుతుంది, ఫ్రిజ్, ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. గార్డెన్ లైట్లు ఎట్లాగూ మారుస్తున్నారంటే 12 లేదా 24 వోల్టులవి తీస్కుని డ్రైవర్‌ని ఇంటి లోపల పెట్టుకోండి, పిల్లలు తిరిగే చోట అది నయం.

ట్రెంచ్ తెరిచి ఉండగానే కొలత టేపు పరిచి, కాంపౌండ్ గోడ నుంచి ఎంత, గేటు పిల్లర్ నుంచి ఎంత అని కనపడేట్టు ఫోటోలు తీసి, ఒక ప్రింట్ డీబీ తలుపు లోపల అంటించండి. ఫోన్‌లోనే ఉంచుకుంటే ఫోన్ మారినప్పుడు పోతుంది, ఇల్లు అద్దెకిచ్చినప్పుడు అద్దెకున్నవాళ్ళకి అసలు తెలియనే తెలియదు.